ఇంగ్లీషు ప్రాస: కంటికి ఒకటి, చెవికి ఒకటి

ఇంగ్లీషులో ఓ, యూ, జీ, హెచ్ అనే నాలుగు అక్షరాలు చివర వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. గట్టిగా, మొండిగా ఉన్నదాన్ని టఫ్ అంటారు. దగ్గు కాఫ్. ‘అయినా సరే’ అనడానికి దో. ‘గుండా’ అనడానికి త్రూ. చెట్టు కొమ్మకి బౌ. కాగితం మీద అయిదింటికీ తోక ఒకటే. నోట్లోకి వచ్చేసరికి ఏ రెండూ కలవవు. టఫ్ పోయి స్టఫ్, ఇనఫ్, కఫ్‌ల గుంపులో చేరుతుంది. కాఫ్‌కి తోడు ఆఫ్. దో వెళ్ళి గో, స్నో, టో పక్కన కూర్చుంటుంది. త్రూకి బ్లూ, ట్రూ చుట్టాలు. బౌకి కౌ, నౌ, హౌ.

దీన్నే తిరగేసి చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. నీలం బ్లూ, కాలికి తొడిగేది షూ, రెండు టూ, పెరిగింది అనడానికి గ్రూ, చెయ్యడం డూ, గుండా త్రూ. ఆరు మాటలు, ఆరు రకాల స్పెల్లింగులు. అయినా అన్నీ చివర ‘ఊ’ అనే ముగుస్తాయి కాబట్టి ఏ రెంటిని జత చేసినా ఇంగ్లీషు చెవికి నిఖార్సైన ప్రాసే.

పిల్లలకిచ్చే రైమింగ్ వర్డ్స్ జాబితాలు చాలావరకు క్యాట్, బ్యాట్, ర్యాట్ దగ్గర మొదలై అక్కడక్కడే తిరుగుతాయి. ఆ జాబితాలో చివరి అక్షరాలూ కలుస్తాయి, చప్పుడూ కలుస్తుంది. దాంతో అక్షరాలు కలిస్తే ప్రాస కలిసినట్టే అన్న భ్రమ పిల్లల్లో గట్టిపడిపోతుంది. ఇంగ్లీషు ప్రాసని లొంగదీసుకోవాలంటే ముందు వదిలించుకోవలసింది ఈ భ్రమనే. ఆశ్చర్యం ఏమిటంటే, ఇందులో తెలుగు లిపి చేసే సాయం రోమన్ లిపి చెయ్యలేదు.

ప్రాస అంటే ఏది కలవాలి?

తెలుగు పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. అక్కడ హల్లు ఒకటే కావాలి. దాని ముందున్న అచ్చు ఏదైనా ఫరవాలేదు, గురువో లఘువో అన్నది సరిపోతే చాలు. తల్లి, పిల్లి, ముల్లు, చెల్లు అనే మాటలతో నాలుగు పాదాలు మొదలుపెడితే ఏ ఛందస్సు పండితుడూ తప్పు పట్టడు. మాట మొదటి అక్షరంలో ‘అ’ ఉందా, ‘ఇ’ ఉందా, ‘ఉ’ ఉందా అని ఎవరూ అడగరు.

ఇంగ్లీషు రైమ్‌ది దీనికి తిరగేసిన లెక్క. అక్కడ అచ్చే ప్రాణం. ఊనిక పడిన అచ్చు, అంటే మాటలో నొక్కి పలికే అచ్చు, ఒకటే కావాలి, ఆ అచ్చు తరవాత వచ్చే చప్పుళ్ళన్నీ ఒకటే కావాలి, దాని ముందున్న హల్లు మాత్రం తప్పకుండా మారాలి. గంట బెల్, అమ్మడం సెల్, చెప్పడం టెల్, బావి వెల్, గుల్ల షెల్. ఇవన్నీ ఒక గూటి పక్షులు. అదే బిల్, బెల్, బాల్, బుల్ అని వరసపెడితే తెలుగు చెవి ‘లకార ప్రాస బాగానే పడిందే’ అనుకుంటుంది. ఇంగ్లీషువాడికి అందులో ఒక్క జతా ప్రాస కాదు. తెలుగువారు ఇంగ్లీషులో గేయం రాయబోయినప్పుడు దొర్లే పొరపాట్లలో ఇదొకటి. హల్లు మీద పెట్టిన నమ్మకం అచ్చుని పట్టించుకోనివ్వదు.

అయితే ఇంగ్లీషులో ఒక కవి సరిగ్గా తెలుగు చెవికి నచ్చే పని చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, సంధి కుదరడానికి వారం ముందు, 1918 నవంబర్ 4న చనిపోయిన విల్ఫ్రెడ్ ఓవెన్ తన పద్యాల్లో హాల్, హెల్ లాంటి జంటల్ని పంక్తుల చివర పెట్టాడు. మొదటిది విశాలమైన గది, రెండోది నరకం. హల్లులు రెండువైపులా కలుస్తాయి, మధ్యన అచ్చు జారిపోతుంది. ఇంగ్లీషు పాఠకుడికి అది ప్రాస పడబోయి తప్పినట్టు, మెట్టు అనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు అనిపిస్తుంది. యుద్ధం గురించి రాసేవాడికి కావలసింది ఆ తడబాటే.

ఇక ముందున్న హల్లు కూడా కలిసిపోతే? చూడటం సీ, సముద్రం సీ. అర్థాలు వేరైనా చప్పుడు మొత్తం ఒకటే కాబట్టి ఇంగ్లీషులో దాన్ని మంచి ప్రాసగా లెక్కించరు. ఫ్రెంచి కవులకి మాత్రం అలాంటిదంటే మోజు. దాన్ని వాళ్ళు ‘సంపన్నమైన ప్రాస’ అంటారు.

అసలు పాత ఇంగ్లీషు కవిత్వంలో అంత్యప్రాస నియమమే లేదు. పంక్తిలోని ముఖ్యమైన మాటలు ఒకే హల్లుతో మొదలవ్వాలి, అంతే. మన యతికి దూరపు బంధువనుకోవచ్చు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి కవిత్వపు పలుకుబడితో చివరి ప్రాస అక్కడ వేళ్ళూనుకుంది. పదిహేడో శతాబ్దంలో మిల్టన్ తన మహాకావ్యాన్ని ప్రాస లేకుండా రాసి, ప్రాస అనేది ఈమధ్య వచ్చిన తలనొప్పి సంకెల అన్న ధోరణిలో దానికి ముందుమాట జోడించాడు.

ఊనిక సంగతి తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. తెలుగులో ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా అర్థం మారదు కాబట్టి దాని మీద మనకి ధ్యాస తక్కువ. ఇంగ్లీషులో ప్రాస లెక్క ఊనిక ఎక్కడ పడితే అక్కడినుంచి మొదలవుతుంది. మనం హోటల్ అంటాం. ఇంగ్లీషువాడు రెండో భాగాన్ని నొక్కి హోటెల్ అంటాడు. అందుకే అతని నోట్లో అది బెల్‌తో ప్రాస కలుస్తుంది, మన నోట్లో కలవదు. ఎడారిని డెజర్ట్ అంటారు, ఊనిక మొదట. భోజనం చివర తినే తీపిని డిజర్ట్ అంటారు, ఊనిక చివర. వదిలేసి పారిపోవడాన్నీ డిజర్ట్ అనే అంటారు. ఈ చివరి రెండింటికీ చొక్కా అనే షర్ట్‌తో, గాయపరచడం అనే హర్ట్‌తో ప్రాస కుదురుతుంది. ఎడారికి కుదరదు.

ఓ నుంచి ఊ, ఊ నుంచి ఉ, ఉ నుంచి అ

కంటికీ చెవికీ ఇంత ఎడం ఎందుకొచ్చింది? సమాధానం చరిత్రలో ఉంది. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లమెల్లగా గడ్డకట్టడం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, సుమారు 1400 నుంచి 1700 దాకా, ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ స్థానాలు మారాయి. రాత నిలిచిపోయింది, మాట నడిచిపోయింది.

దీన్ని దగ్గరగా చూడాలంటే మూడు మాటలు చాలు. నెత్తురుకి బ్లడ్, మంచికి గుడ్, తిండికి ఫూడ్. రాతలో మూడింటి మధ్యా రెండు ఓ అక్షరాలు, చివర డీ. ఒకప్పుడు మూడింటిలోనూ ఉన్నది మన ‘ఓ’ లాంటి దీర్ఘాచ్చే. బ్లోడ్, గోడ్, ఫోడ్ అన్నట్టు పలికేవారు. అచ్చుల జరుగుబాటులో ఆ ‘ఓ’ పైకి జరిగి ‘ఊ’ అయింది. నెత్తురు మాట మిగతావాటికన్నా ముందే కురచబడి ‘ఉ’ అయింది. ఆ పాత ‘ఉ’లు పదిహేడో శతాబ్దంలో ‘అ’ వైపు జారినప్పుడు దాంతోపాటు తానూ జారి బ్లడ్ అయింది. వరద అనే ఫ్లడ్‌దీ అదే దారి. మంచి మాట ఆలస్యంగా కురచబడింది. అప్పటికి ఆ జారుడు అయిపోయింది కాబట్టి ‘ఉ’ దగ్గరే ఆగి గుడ్ అయింది, నిలబడ్డాడు అనే స్టుడ్‌లాగే. తిండి మాట అసలు కురచబడనే లేదు, మనసు తీరు అనే మూడ్‌లాగే ‘ఊ’తో ఉండిపోయింది. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు మూడు వేర్వేరు మజిలీల్లో దిగిపోయినట్టు. తెలుగులో మనం ఫుడ్ అని కుదించి రాసుకుని దాన్ని గుడ్ పక్కన కూర్చోబెట్టాం. ఇంగ్లీషు చెవికి ఆ జత అతకదు.

పాత కవిత్వం చదివితే ఈ ప్రయాణం మధ్యలోని మజిలీలు కనిపిస్తాయి. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ పోప్, రాణి ఆన్ గురించి రాస్తూ, మాట వినడం అనే ఒబే పక్కన టీని ప్రాసగా పెట్టాడు. అది కవి చేసిన సర్దుబాటు కాదు, ఆ రోజుల్లో దాన్ని టే అనే పలికేవారు. తెలుగులో తేయాకు అన్నప్పుడు వినిపించే ‘తే’ ఇప్పటి ఇంగ్లీషు టీ కన్నా ఆ పాత పలుకుకే దగ్గర. ఇదే పోప్ మరోచోట కలపడం అనే జాయిన్‌ని గీత అనే లైన్‌తో ప్రాస కలిపాడు. అప్పట్లో జాయిన్‌ని జైన్ అన్నట్టు పలికేవారు. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లలో ప్రేమ అనే లవ్‌కి, నిరూపించడం అనే ప్రూవ్‌కి ప్రాస పడుతుంది. ఇప్పుడవి కంటికి మాత్రమే కలుస్తాయి. ఇలాంటి జతల్ని ఇంగ్లీషులో ‘కంటి ప్రాస’ అంటారు. నిజానికి వాటిలో చాలావాటిని చచ్చిపోయిన చెవి ప్రాసలు అనాలి.

లవ్ మాట రాతలో ఓ అక్షరం రావడం వెనక లేఖకుల చేతిరాత ఉందని పండితులు చెబుతారు. అప్పటి రాతలో యూ, ఎన్, ఎమ్, వీ అక్షరాలన్నీ పొట్టి నిలువుగీతల వరసలే. పక్కపక్కన పడితే ఏది ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. అందుకని యూ బదులు ఓ గుండ్రం పెట్టారు. కొడుకు అనే సన్, రావడం అనే కమ్, నాలుక అనే టంగ్, సన్యాసి అనే మంక్ ఇలా ఓ తొడుక్కున్నవే. చెవికి అవన్నీ ఇంకా ‘అ’ వర్గమే. అందుకే కొడుకుకీ సూర్యుడికీ ఒకే చప్పుడు, రెండింటికీ పరుగు అనే రన్‌తో, సరదా అనే ఫన్‌తో, అయిపోయింది అనే డన్‌తో, ఒకటి అనే వన్‌తో ప్రాస.

రాత్రి నైట్, వెలుగు లైట్, చూపు సైట్, పోరు ఫైట్, బలం మైట్. వీటిలో మధ్యన పలకకుండా పడి ఉన్న జీ, హెచ్ ఒకప్పుడు గొంతు దగ్గర ఊపిరి రాపిడిగా నిజంగానే పలికేవి. జర్మన్ వాళ్ళు రాత్రిని నాఖ్ట్ అన్నప్పుడు ఆ రాపిడి ఇప్పటికీ వినిపిస్తుంది. ఆనందం అనే డిలైట్‌లోనూ అవే రెండక్షరాలు ఉన్నాయి గానీ, అవి అక్కడ ఎన్నడూ పలకలేదు. ఆ మాట ఫ్రెంచి నుంచి జీ, హెచ్ లేకుండానే వచ్చింది. లైట్‌తో ప్రాస కలుస్తోంది కాబట్టి దానిలాగే రాయాలేమో అనుకుని తరవాత చేర్చారు. అంటే ప్రాసే స్పెల్లింగుని మార్చేసింది. చేయగలిగాడు అనే కుడ్‌లోకి ఎల్ చొరబడింది కూడా ఇలాగే, వుడ్, షుడ్‌లని చూసి. ఆ మాటకొస్తే రైమ్ అన్న మాటలోనే ఒక దొంగ అక్షరం ఉంది. లయ అనే రిథమ్‌తో పొరబడి అందులో హెచ్ ఇరికించారు.

మాటల కుటుంబాలు, వాటి అర్థాలు

ప్రాస కుటుంబాల్లో అన్నిటికన్నా సందడిగా ఉండేది ‘ఏర్’ కుటుంబం. గాలి ఎయిర్, వారసుడూ ఎయిరే, కాకపోతే మొదట పలకని హెచ్ ఒకటి ఉంటుంది. జుట్టు హెయిర్, చెవుల కుందేలూ హెయిరే. ఎలుగుబంటి బేర్, మోయడం భరించడం బేర్, పైన ఏమీ లేని ఒట్టిదీ బేర్. జత పెయిర్, బేరిపండు పెయిర్, తొక్క చెక్కడం పెయిర్. మెట్టు స్టేర్, గుడ్లప్పగించి చూడటం స్టేర్. న్యాయమైనది ఫెయిర్, తిరునాళ్ళ సంత ఫెయిర్, ప్రయాణపు ఛార్జీ ఫెయిర్. కుర్చీ చెయిర్, పంచుకోవడం షేర్, శ్రద్ధ కేర్, అక్కడ దేర్, ఎక్కడ వేర్, తొడుక్కోవడం కూడా వేర్. ఇంత పెద్ద గుంపులో అర్థానికీ అర్థానికీ సంబంధం లేదు. ఎలుగుబంటినీ కుర్చీనీ కలిపింది ఒక్క చప్పుడు మాత్రమే. ఉప్పూ కప్పురమూ ఒక్క పోలికనుండటం అంటే ఇదే.

‘అర్డ్’ కుటుంబం చూడండి. మాట వర్డ్, పక్షి బర్డ్, మూడవది థర్డ్, విన్నాడు హర్డ్, పశువుల మంద కూడా హర్డే, పెరుగు కర్డ్. రాతలో ఓ, ఐ, ఈ, యూ అన్నీ ఉన్నాయి. ఒకప్పుడు వీటిలోని అచ్చులు వేరుగానే పలికేవి. తరవాతి రకారం అన్నిటినీ ఒక చప్పుడులోకి లాగేసింది. పక్షి మాట పాత రూపం బ్రిడ్, మూడవది అనే మాటది థ్రిడ్. రకారం, అచ్చు చోటు మార్చుకున్నాయి. తెలుగువారికి ఇది కొత్త కాదు. తమిళుల ఉరల్ మనకి రోలు అయింది, వాళ్ళ ఇరండు మనకి రెండు అయింది.

రిచర్డ్ వైలీ, డొనాల్డ్ డరెల్ అనే అమెరికన్ పరిశోధకులు 1970లో ఒక లెక్క తీశారు. ‘యాక్’, ‘ఏల్’, ‘ఇంగ్’, ‘ఐట్’ లాంటి 37 తోకలు తెలిస్తే చిన్న తరగతుల్లో వచ్చే దాదాపు 500 మాటలు చదవవచ్చని తేల్చారు. 1983లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. బడికి రాకముందే ఏ మాటకి ఏది ప్రాసో పట్టగలిగిన పిల్లలు తరవాత చదవడంలోనూ ముందుంటున్నారని, పిల్లలకి ఆ చప్పుళ్ళ వర్గీకరణ నేర్పితే చదువు మెరుగవుతోందని అది చూపించింది.

కొన్నిచోట్ల రాత ఒకటే, అర్థం ఏదన్నదాన్ని బట్టి ప్రాస మారుతుంది. ఇంగ్లీషు నేర్చుకునేవారికి నిజంగా ఉపయోగపడేది ఈ భాగమే, జాబితాల్లో కనిపించనిదీ ఇదే. కన్నీటి బొట్టు టియర్, భయం అనే ఫియర్‌తో కలుస్తుంది. అవే అక్షరాలకి చించడం అనే అర్థం ఉంటే టేర్, ఎలుగుబంటితో కలుస్తుంది. సీసం లెడ్, మంచం అనే బెడ్‌తో జత. దారి చూపడం లీడ్, అవసరం అనే నీడ్‌తో జత. విల్లు బో, వంగి దండం పెట్టడం బౌ. విత్తడం సో, ఆడపంది సౌ. వరస రో, తగువు రౌ. గాయం వూండ్, చుట్టింది అనే అర్థంలో వౌండ్. దగ్గర అనే క్లోస్ మందు మోతాదు అనే డోస్‌తో కలుస్తుంది. మూసెయ్యడం అనే క్లోజ్ గులాబీ అనే రోజ్‌తో కలుస్తుంది. ఈ మాటల్ని గట్టిగా చదవమంటే చాలు, చదివేవాడికి వాక్యం అర్థమైందో లేదో తెలిసిపోతుంది.

తెలుగు లిపి చూపేది, దాచేది

పైన వచ్చిన మాటలన్నీ తెలుగులో రాసి ఉన్నాయి కాబట్టే ఏది దేనితో కలుస్తుందో కంటికి కనిపించింది. వర్డ్, బర్డ్, థర్డ్, హర్డ్ అని రాస్తే ఎవరూ వివరించనక్కర్లేదు. రోమన్ లిపిలో తోక ఒకటే అయిన లవ్, మూవ్, కోవ్‌లని తెలుగులో రాస్తే కలవవని వెంటనే తెలిసిపోతుంది. బరువు వెయిట్, ఎత్తు హైట్ అని రాసుకున్నవాడు ఆ రెంటినీ ఎన్నడూ జత చెయ్యడు. రోమన్ లిపిలో చూసినవాడు తప్పకుండా చేస్తాడు. ఇంగ్లీషు పదాల పక్కన పిల్లలు పెన్సిలుతో తెలుగు రాసుకుంటే మాస్టార్లు తిడతారు. ప్రాస విషయంలో మాత్రం ఆ పెన్సిలు రాతకే ఓటు వెయ్యాలి.

అయితే ఈ అద్దానికీ మచ్చలున్నాయి. ద్రాక్షతీగకీ, ద్రాక్షసారాకీ ఇంగ్లీషులో చక్కగా ప్రాస కలుస్తుంది. మొదటిది పై పళ్ళు కింది పెదవికి ఆనించి మొదలుపెట్టేది, రెండోది పెదవులు సున్నా చుట్టి మొదలుపెట్టేది. తెలుగులో రెండూ వైన్. ప్రాస జంట కాస్తా ఒకే మాట అయి కూర్చుంది. లోచొక్కాకీ పడమరకీ ఇదే గతి, రెండూ వెస్టే. ముసుగూ తిమింగిలమూ రెండూ వేల్.

చివర వచ్చే ‘స్’, ‘జ్’ల దగ్గర మరీ జాగ్రత్త కావాలి. ధర ప్రైస్, బహుమతి ప్రైజ్. సలహా అనే నామవాచకం అడ్వైస్, మంచుగడ్డ అనే ఐస్‌తో కలుస్తుంది. సలహా ఇవ్వడం అనే క్రియ అడ్వైజ్, వివేకి అనే వైజ్‌తో కలుస్తుంది. వదులుగా ఉన్నది లూస్, బాతుజాతి పక్షి గూస్‌తో జత. పోగొట్టుకోవడం లూజ్, ఎంచుకోవడం అనే చూజ్‌తో జత. బట్టలు లూజుగా ఉన్నాయని తెలుగులో అనేస్తాం. ఇంగ్లీషు లెక్కన అది పోగొట్టుకున్న మాట.

అసలు ఇంగ్లీషువాళ్ళలోనే అందరి చెవీ ఒకటి కాదు. గుమాస్తా అనే క్లర్క్‌ని లండన్‌లో చీకటి అనే డార్క్‌తో ప్రాస కలిపేలా క్లార్క్ అంటారు, న్యూయార్క్‌లో పని అనే వర్క్‌తో కలుపుతారు. ఇరవైఆరో అక్షరాన్ని అమెరికన్లు జీ అంటారు. అందుకే ఏబీసీడీల పాట చివర వాళ్ళకి ‘నాతో’ అన్నప్పుడు వచ్చే ‘మీ’ అనే ఇంగ్లీషు మాటతో ప్రాస కుదురుతుంది. జెడ్ అనేవాళ్ళకి పాట ఆ ఒక్కచోట కుంటుతుంది.

జత దొరకని మాటలు

నెల అనే మంత్‌కి ఇంగ్లీషు నిఘంటువు అంతా గాలించినా సరైన ప్రాస లేదు. తోడేలు అనే ఉల్ఫ్‌దీ దాదాపు ఇదే కథ. వెండి అనే సిల్వర్‌కి ఆడ గొర్రెపిల్ల అనే చిల్వర్ ఉంది గానీ, ఆ మాట తెలిసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊదారంగు అనే పర్పుల్‌కి స్కాట్లండ్ వాడుకలో కుంటుతూ నడవడం అనే హర్పుల్, గుర్రం వెనకభాగం అనే కర్పుల్ దొరుకుతాయి. వీటితో మర్యాదైన ప్రేమగీతం రాయడం కష్టం.

అన్నిటికన్నా పేరుమోసిన ఒంటరి మాత్రం ఆరెంజ్. వేల్స్‌లో బ్లారెంజ్ అనే కొండ ఒకటి ఉండబట్టి పట్టుదల ఉన్నవాళ్ళకి ఒక దారి దొరికింది. ఈ మాట మనకి పరాయిది కాదు. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాన్హా, తెలుగులో నారింజ. ఫ్రెంచికి చేరే దారిలో ముందున్న ‘ఒక’ అనే చిన్న మాట చివరి నకారమూ దీని మొదటి నకారమూ కలిసిపోయి, విడదీసేటప్పుడు ఇది తన నకారాన్ని పోగొట్టుకుంది. క్రికెట్ అంపైర్ కూడా అలా ఇంగ్లీషులో ‘న’ జారవిడుచుకున్నవాడే, మొదట్లో ఆయన నంపైర్ లాంటి పేరుతో ఉండేవాడు.

చప్పుడు అర్థాన్ని లాగితే

ప్రాస మాటల అర్థాలకి ఒకదానితో ఒకటి సంబంధం లేదని ఇందాక అన్నది మొత్తం నిజం కాదు. బొప్పి బంప్, ముద్ద లంప్, మూపురం హంప్, నరికిన చెట్టు మొద్దు స్టంప్, చెట్ల గుబురు క్లంప్, బొద్దుగా ఉన్నది ప్లంప్, పిరుదు రంప్. అన్నిట్లోనూ ఏదో గుండ్రంగా ఉబికి బరువుగా ఉంది. ఢీకొని కూలడం క్రాష్, ముక్కలు చెయ్యడం స్మాష్, నీళ్ళు చిమ్మడం స్ప్లాష్, కొట్లాట క్లాష్. అన్నిట్లోనూ ఒక దెబ్బ. చప్పుడుకీ అర్థానికీ మధ్య ఇలా ఏర్పడే అలవాటు బంధానికి బ్రిటిష్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ 1930లో ఫోనెస్తీమ్ అని పేరు పెట్టాడు. దీన్ని మరీ సాగదీయకూడదు. గెంతడం అనే జంప్‌లో ఉబ్బేమీ లేదు, డబ్బు అనే క్యాష్‌లో దెబ్బా లేదు. కానీ ఝల్లు, ఘల్లు, జల్లు, గొల్లు అని చప్పుడుతోనే బొమ్మ కట్టే భాష మాట్లాడేవారికి ఈ సంగతి నమ్మడం కష్టం కాదు.

పుస్తకం గిస్తకం, పులి గిలి అని మనం మాటకి నీడని జతచేస్తాం. మన నీడ వెనక వస్తుంది, మొదటి అక్షరం ‘గి’ కొట్టేస్తుంది. ఇంగ్లీషులో ఇలాంటి జంటలు చాలావరకు హకారంతో మొదలవుతాయి. గందరగోళంగా పరుగులు హెల్టర్ స్కెల్టర్, మాయమంత్రం హోకస్ పోకస్, చాటుమాటు వ్యవహారం హ్యాంకీ ప్యాంకీ, కలగాపులగం హాడ్జ్ పాడ్జ్. నాజూకు వేషాలకి వాడే నాంబీ పాంబీ, ఆంబ్రోస్ ఫిలిప్స్ అనే కవి పేరుని ఎద్దేవా చేస్తూ హెన్రీ కేరీ 1725లో పుట్టించిన మాట. ఈ పిచ్చికి మన దేశం కూడా బలైంది. మొహర్రం ఊరేగింపుల్లో ‘యా హసన్, యా హుసేన్’ అనే రోదన బ్రిటిష్ సిపాయిల నోట్లో నలిగి హాబ్సన్ జాబ్సన్ అయింది. హెన్రీ యూల్, ఏ. సి. బర్నెల్ 1886లో అచ్చువేసిన ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువుకి ఆ పేరే పెట్టారు.

ప్రాసకి నమ్మించే గుణం కూడా ఉంది. అమెరికాలో మాథ్యూ మెగ్లోన్, జెసికా తోఫీఘ్‌బక్ష్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో ‘కష్టాలు శత్రువుల్ని కలుపుతాయి’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని రెండు రకాలుగా చూపించారు. ఒకటి వోజ్ యునైట్ ఫోజ్, రెండోది అదే అర్థంతో ప్రాస లేకుండా. ప్రాస ఉన్నవే ఎక్కువ నిజమని జనం అన్నారు. మాట తీరుని పక్కనపెట్టి విషయం చూడండని హెచ్చరిస్తే ఆ మోజు తగ్గింది. 1995లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ. జె. సింప్సన్ నిందితుడిగా నిలబడ్డ హత్య కేసులో లాయరు జానీ కాక్రన్ జ్యూరీకి చెప్పిన మాట కూడా ప్రాస మీదే నిలబడింది: సాక్ష్యంగా చూపిన చేతితొడుగు నిందితుడికి సరిపోకపోతే, అంటే ఫిట్ కాకపోతే, నిర్దోషిగా వదలాలి, అంటే అక్విట్ చెయ్యాలి. ఫిట్, అక్విట్. జ్యూరీ వదిలేసింది. తీర్పుకి కారణం ఆ ప్రాసే అనలేం గానీ, విచారణ మొత్తంలో జనానికి గుర్తుండిపోయిన వాక్యం అదే.

ఇక తూర్పు లండన్‌లో కాక్నీలని పిలిచే శ్రామిక జనం పద్ధతి వీటన్నిటికీ పరాకాష్ఠ. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అక్కడి జనం, కావలసిన మాట బదులు దానితో ప్రాస కలిసే జంటని వాడటం మొదలుపెట్టారు. 1859లో జాన్ కామ్డెన్ హాటెన్ తన వాడుకమాటల నిఘంటువులో వీటికి విడిగా పట్టికే ఇచ్చాడు. మెట్లు అనే స్టేర్స్ బదులు యాపిల్స్ అండ్ పెయిర్స్. పెళ్ళాం అనే వైఫ్ బదులు ట్రబుల్ అండ్ స్ట్రైఫ్, అంటే గొడవా కొట్లాటా. చూపు అనే లుక్ బదులు బుచర్స్ హుక్, కసాయివాడి కొక్కెం. తల అనే హెడ్ బదులు లోఫ్ ఆఫ్ బ్రెడ్, రొట్టె ముద్ద. అసలు తమాషా తరవాత ఉంది. వాడుకలో ఆ జంటలోంచి ప్రాస కలిసే భాగమే రాలిపోయింది. ఒక చూపు చూద్దాం అనడానికి ఒట్టి బుచర్స్ అంటారు, బుర్ర వాడు అనడానికి లోఫ్ వాడు అంటారు. కొక్కెం లేదు, బ్రెడ్డూ లేదు, అర్థం మాత్రం మిగిలింది. పెదవుల మధ్య నాలుక పెట్టి బుర్రుమని వెక్కిరించడాన్ని ఇంగ్లీషులో రాస్ప్‌బెరీ ఊదడం అంటారు. పండుకీ ఆ చప్పుడుకీ ఏమిటి సంబంధమని ఆ పని చేసే పిల్లలెవరూ అడగరు. రాలిపోయిన రెండో మాట టార్ట్, పళ్ళు నింపి కాల్చే తీపి వంటకం. దానికి ప్రాస కలిసే మాట మర్యాదస్తులు నలుగురిలో ఉచ్చరించరు, తెలుగులో అపానవాయువు అని సంస్కృతం వెనక దాక్కుంటారు.